ఫిల్టరు దులిపేది ఎవరు?

విజయవాడ గవర్నరుపేటలో మిక్సీలు, గ్రైండర్లు, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే షాపు బాబాయిది. ఆయన అన్నగారి కూతురు బెంగళూరులో గృహోపకరణాల డిజైన్ ఇంజనీరు. ఇంట్లోవాళ్లు తేలిగ్గా శుభ్రం చేసుకోగలిగే వాక్యూమ్ క్లీనర్ ఫిల్టరు తయారుచేయడం ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న పని. అసలు అలాంటి ఫిల్టరే వద్దంటారు బాబాయి. చూడ్డానికి చిన్న విషయమే. ఆ ఫిల్టరును చేత్తో పట్టుకుని దులిపే మనిషిని తలుచుకుంటే మాత్రం చిన్నది కాదు. అందుకే వాళ్లిద్దరి వాదన ఇక్కడ పెడుతున్నాను.

బాబాయి: ఈ మోటారు చూడు తల్లీ. కమ్యుటేటర్ మీద గాడి పడింది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి స్ప్రింగు బయటికొచ్చింది. బేరింగు తిప్పితే గరగరమంటోంది, సన్నదుమ్ము లోపలికి పోయింది. వైండింగు వాసన చూడు. కొని ఎంతో కాలం కూడా కాలేదు. దీని ప్రాణం తీసింది ఫిల్టరు మీద అచ్చేసిన ఒక్క మాట, "కడిగి వాడుకోవచ్చు" అని.

అమ్మాయి: కడిగితే మోటారు పోదు బాబాయ్. సరిగ్గా ఆరకుండా బిగిస్తే పోతుంది.

బాబాయి: ఆ తేడా నీకూ నాకూ తెలుసు. పండగ ముందు ఇల్లు దులుపుకునేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? మాన్యువల్లో 24 గంటలు ఆరనివ్వమని ఉంటుంది. శ్రావణంలో ముసురు పట్టిందంటే దండెం మీద తువ్వాలు రెండో రోజుకీ చెమ్మగానే ఉంటుంది, ఇక స్పాంజి సంగతి చెప్పాలా? పైపైన పొడిగా ఉంటుంది, పిండితే నడుమలోంచి నీళ్లు కారతాయి. దాన్ని అలాగే పెట్టి స్విచ్ వేస్తారు. దుమ్ము ఆ తడికి అంటుకుని అట్టకడుతుంది. గాలి ఆడదు. ఈ మెషిన్లలో చాలావాటికి మోటారును చల్లబరిచేది అది పీల్చుకున్న గాలే. ఆ గాలి తగ్గేసరికి మోటారు వేడెక్కుతుంది. లోడు తగ్గడంతో స్పీడు పెరిగి కీచుమంటుంది. ఆ చప్పుడు విని, బాగా లాగుతోంది కాబోలనుకుని ఇంకాసేపు నడుపుతారు. తర్వాత నా దగ్గరికి తెస్తారు.

అమ్మాయి: ఇంకోటి కూడా చేస్తారు. ఫిల్టరు ఆరేలోపు అసలు ఫిల్టరే లేకుండా నడిపేస్తారు.

బాబాయి: అదీ చూశాను. అప్పుడు దుమ్ము నేరుగా మోటారులోకే. అందుకే నా మాట వినమంటున్నాను. కడిగే ఫిల్టరు మానెయ్. కాగితం సంచి పెట్టు. మూతి తనంతట మూసుకునే సంచులు వస్తున్నాయి. నిండితే తీసి చెత్తబుట్టలో పడెయ్యాలి, కొత్తది తగిలించాలి. దుమ్ము చేతికి అంటదు. ఆయాసం ఉన్నవాళ్లకు అంతకంటే మేలైంది లేదు. నూరేళ్ల నుంచి నడుస్తున్న పద్ధతి.

అమ్మాయి: నూరేళ్ల నుంచి నడుస్తున్న ఇబ్బంది కూడా అదే. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊదే బదులు పీలిస్తే బాగుంటుందనుకున్నాడు. రెస్టారెంటులో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి నోటితో గట్టిగా పీల్చి చూశాడు. రుమాలు అడుగున దుమ్ము మరక పడింది. అంటే మొదటి రోజు నుంచీ ఈ యంత్రంలో అసలు పని గుడ్డదే. ఆయన చేసిన మెషిన్ గుర్రబ్బండి మీద వీధిలో నిలబడితే, గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్లలోకి వెళ్లేవి. చేత్తో తోసుకునే మెషిన్‌ను అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కాంటన్ పట్టణంలో ఒక పనివాడు చేశాడు. ఆయన పేరు జేమ్స్ మర్రే స్పాంగ్లర్. పెద్ద దుకాణంలో ఊడ్చే ఉద్యోగం. ఆయాసం మనిషి, ఊడిస్తే లేచే దుమ్ము పడేది కాదు. 1907లో ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి మెషిన్ కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని హూవర్ అనే వ్యాపారి కొన్నాడు.

బాబాయి: దిండు గలీబంటే సంచే కదా. నా మాటే నువ్వు చెబుతున్నావు.

అమ్మాయి: సంచి చేత మనం రెండు పనులు చేయిస్తున్నాం బాబాయ్. దుమ్మును నిలవ ఉంచాలి, గాలిని వడగట్టాలి. సంచిలో ఇంకా చోటుండగానే లోపలి గోడకు సన్నదుమ్ము పట్టి రంధ్రాలు పూడిపోతాయి. ఇంగ్లండులో జేమ్స్ డైసన్‌కు 1970ల చివర్లో విసుగు పుట్టించింది ఇదే. రంపపు మిల్లుల్లో గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసే శంకువును ఇంటి మెషిన్‌లోకి కుదించాడు. అది కుదరడానికి 5,127 నమూనాలు చేయాల్సి వచ్చింది. సొంత పేరుతో మొదటి మెషిన్ 1993లో అమ్మాడు.

బాబాయి: ఆ సుడిగాలి మెషిన్లు నా దగ్గరికి రావనుకున్నావా? వస్తాయి. వాటిలోనూ ఫిల్టరుంది. అదీ మూసుకుపోతోంది.

అమ్మాయి: అవును. సుడిలో బరువైన రేణువు గోడకు కొట్టుకుని కింద పడుతుంది. సన్నదానికి అంత బరువుండదు, గాలి వెంటే పోతుంది. శంకువు సన్నదైతే ఇంకా సన్న దుమ్ము దొరుకుతుంది. అందుకే ఒక పెద్ద శంకువుతో ఆగకుండా దాని వెనక చిన్నవి గుత్తిగా పెడతారు. కానీ వాటిలోంచి గాలిని లాగాలంటే మోటారుకు శ్రమ పెరుగుతుంది. ఎంత చేసినా చివర ఫిల్టరు ఉండి తీరాలి. దాన్ని తప్పించుకోలేం కాబట్టే దాన్ని బాగుచేద్దామంటున్నాను.

బాబాయి: అయితే ఇలా రా, ఒకటి విప్పి చూపిస్తాను. ఇది మొన్న ఒక అపార్టుమెంటు నుంచి వచ్చింది. మడతల ఫిల్టరు. ముందు ఈ వెంట్రుకలు చూడు. ఫిల్టరును పట్టి ఉంచడానికి అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ ఊసలకు చుట్టుకుని బిగిసిపోయాయి, కత్తెరతో కోస్తే తప్ప రావు. వాటి కింద బూడిదరంగు పొర. అది అగరుబత్తి నుసి, పక్కన కడుతున్న బిల్డింగు సిమెంటు దుమ్ము. ఇప్పుడు మడత విప్పు. ఆ అడుగున తెల్లగా గడ్డకట్టింది ముగ్గు. వాకిట్లో వేసిన రాతిముగ్గు కాళ్లకంటి లోపలికొస్తుంది. ఈ మడతల సందులో గోరు కూడా పట్టదు. బ్రష్ అడుగుదాకా పోదు. తడితే పై దుమ్మే రాలుతుంది. నీళ్లు పోస్తే లోపలున్నది ఇంకా గట్టిపడుతుంది. దీన్ని ఎవరైనా ఎలా శుభ్రం చేస్తారు?

అమ్మాయి: చేయలేరు. తప్పు దీన్ని గీసినవాళ్లది. మడతలు ఎందుకు పెడతామంటే, తక్కువ చోటులో ఎక్కువ కాగితం పట్టించడానికి. వైశాల్యం పెరిగితే ఒక్కోచోట గాలి నెమ్మదిగా పోతుంది. నెమ్మదిగా పోతే అడ్డూ తగ్గుతుంది, సన్నదుమ్ము జారిపోవడమూ తగ్గుతుంది. అంతవరకు మంచిదే. మరీ ఒత్తుగా మడిస్తే కొత్తలో అంకెలు బ్రహ్మాండంగా వస్తాయి. వాడకంలో సందులు పూడిపోయాక గాలికి దొరికేది పై అంచులే. లోపలున్న కాగితమంతా దండగ. నేను గీస్తున్నదాంట్లో మడతలు తక్కువ, నోరు వెడల్పు, లోతు తక్కువ. కొత్తలో గాలికి దీనికంటే కొంచెం ఎక్కువ అడ్డు ఉంటుంది, ఒప్పుకుంటాను. దులిపిన కొద్దీ తేడా కనిపిస్తుంది. ఊసలు కూడా తీసేశాను, జుట్టు చుట్టుకోవడానికి పట్టు దొరక్కూడదు.

బాబాయి: నోరు వెడల్పు చేసినా కాగితం అదే కాగితం. దుమ్ము పైన ఆగదు, లోపలికి దిగుతుంది.

అమ్మాయి: అసలు కిటుకు అక్కడే ఉంది. మామూలు ఫిల్టరు గుడ్డలో పోగులు అడ్డదిడ్డంగా పేర్చి ఉంటాయి. వరిగడ్డి మోపు మీద ఇసుక పోస్తే సందుల్లోకి దిగి ఇరుక్కున్నట్టు దుమ్ము వాటిలో ఇరుక్కుంటుంది. ఎంత దులిపినా పూర్తిగా రాదు. దీనికి విరుగుడు, పైన ఇంకా సన్న రంధ్రాలున్న పలుచని పొర అతికించడం. టెఫ్లాన్ జాతి పదార్థాన్ని వేడిచేసి ఒక్క ఉదుటున లాగితే అలాంటి పొర తయారవుతుందని 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ కనిపెట్టాడు. వానకోట్లలో వాడే గోర్‌టెక్స్ దాంతోనే చేస్తారు. ఆ పొర వేసిన ఫిల్టరు మీద దుమ్ము పైనే ఆగుతుంది. నీళ్లు పీల్చుకోదు కాబట్టి ఆరడానికీ ఎక్కువసేపు పట్టదు. తడితే దుమ్ము పెళ్లలుగా ఊడిపడుతుంది. వర్క్‌షాపుల్లో వాడే పెద్ద వాక్యూములకు ఇలాంటి ఫిల్టర్లు ఇప్పటికే ఉన్నాయి.

బాబాయి: ధర ఎక్కువ. పైగా ఆ పొర మీద పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దారనుకో, గీత పడుతుంది. గీత పడ్డచోట మళ్లీ మామూలు గుడ్డే.

అమ్మాయి: నిజమే. కాబట్టి రుద్దే అవసరమే రానివ్వకూడదు. దానికి వస్తాను.

బాబాయి: ముందు హెపా సంగతి తేల్చు. డబ్బా మీద హెపా అని పెద్దక్షరాలు, 99.97 శాతం అని ఒక అంకె. కింద చిన్నక్షరాల్లో కడగవచ్చని. కడిగాక ఆ అంకె ఉంటుందా?

అమ్మాయి: ఫిల్టరును బట్టి ఉంటుంది. ఆ అంకెకు అర్థం, 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపాలని. అమెరికాలో అణుబాంబు తయారీ రోజుల్లో రేడియోధార్మిక దుమ్మును ఆపడానికి పుట్టిన ఫిల్టర్లివి. ఆ సైజే ఎందుకంటే, అంతకంటే పెద్దవి గాలి మలుపు తిరిగినచోట తిరగలేక పోగుకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి ఊగిసలాడుతూ ఏదో ఒక పోగుకు తగులుకుంటాయి. నడిమి సైజువే ఎక్కువగా తప్పించుకుంటాయి. గాజునారతో చేసిన హెపాను నీళ్లలో పెట్టకూడదు, అల్లిక దెబ్బతింటుంది. ఇంకో రకంలో పాలీప్రొపిలీన్ పోగులకు స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంచుతారు. కరోనా రోజుల్లో వాడిన ఎన్-95 మాస్కుల లోపలి పొర అదే. ఆ విద్యుత్తు దుమ్మును లాగి పట్టుకుంటుంది. సబ్బునీళ్లో స్పిరిటో తగిలితే అది పోతుంది. పైకి ఫిల్టరు తెల్లగా మెరుస్తుంది, పట్టు మాత్రం ఉండదు.

బాబాయి: విన్నావా నీ మాట నువ్వే! తెల్లగా కనిపిస్తుంది, పనిచెయ్యదు. సబ్బు లేకుండా కడిగితే మన ఇళ్లలో అది కడిగినట్టే కాదు తల్లీ.

అమ్మాయి: అందుకే రెండు ఫిల్టర్లనూ వేరుగా చూడాలి. మోటారు ముందున్నది తరచూ శుభ్రం చేయాల్సింది. అందులో స్థిర విద్యుత్తు మీద ఆధారపడే పోగులు పెట్టకూడదు. మోటారు వెనక, గాలి బయటికొచ్చేచోట ఉన్న సన్న ఫిల్టరు ముట్టుకోకూడనిది, గడువుకు మార్చాల్సింది. అది చేతికి అందకుండా స్క్రూల వెనక ఉండాలి. రెండింటినీ ఒకే రంగులో, ఒకే ఆకారంలో చేసి పక్కపక్కన పెట్టి, తర్వాత కస్టమరు తప్పుదాన్ని కడిగాడంటే ఎలా?

ఇక్కడ నా మాట ఒకటి. "మాన్యువల్ చదవలేదు" అని తయారీదారులు, మెకానిక్కులు కలిసి కస్టమరును తప్పుపట్టడం ఎన్నోసార్లు విన్నాను. వంటపనికీ ఆఫీసు టైముకీ మధ్య వాడే వస్తువు, మాన్యువల్ చదవనంత మాత్రాన పాడయ్యేలా ఉంటే లోపం వస్తువుదే. మనిషి ఎలా వాడతాడో ముందే తెలిసి కూడా అందుకు తగ్గట్టు గీయకపోవడం బాధ్యత తప్పించుకోవడమే.

బాబాయి: బ్రష్ వద్దంటావు, నీళ్లు తప్పనిసరైతే తప్ప వద్దంటావు. మరి దుమ్ము ఎలా రాలుతుంది?

అమ్మాయి: జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో రాలుతున్నట్టే. అక్కడి బ్యాగ్ ఫిల్టర్లలో పొడవాటి గుడ్డ గొట్టాలు వరసలు వరసలుగా వేలాడతాయి. వాటిని రోజూ దించి దులపరు కదా. పైనుంచి కంప్రెసర్ గాలి ఒక్క దెబ్బ, సెకనులో పదో వంతో, కాస్త అటూ ఇటో. గుడ్డ ఉబ్బి అదురుతుంది, మీద పేరుకున్న దుమ్ము అట్ట విరిగి కింద తొట్టిలో పడుతుంది. పని ఆగదు. ఇదే పద్ధతి బిల్డింగు పనుల్లో వాడే వాక్యూముల్లోకి వచ్చింది. గోడ కోసినా, పుట్టీ రుద్దినా వచ్చే దుమ్ముకు మామూలు ఫిల్టరు ఇట్టే మూసుకుపోతుంది. బాష్, కార్చర్, ఫెస్టూల్ చేసే కొన్ని మెషిన్లలో మధ్యమధ్యలో ఒక వాల్వు తెరుచుకుని బయటి గాలి ఫిల్టరును వెనక నుంచి కొడుతుంది.

బాబాయి: ఆ ధర, ఆ చప్పుడు ఇంట్లోకి తెస్తావా? వాల్వు రబ్బరు గట్టిపడితే అక్కడ గాలి లీకు. కదిలే ప్రతి భాగం ఏదో ఒకరోజు రిపేరుకొస్తుంది. అది నా షాపుకు మంచిది, ఇంటికి మంచిది కాదు.

అమ్మాయి: అందుకే వాల్వు పెట్టలేదు. ఇదిగో నమూనా. మూత మీద ఈ గుండీ తిప్పండి. లోపల పళ్లచక్రం మడతల అంచులను ఒక్కొక్కటిగా మీటి వదులుతుంది. ఆ అదురుకు దుమ్ము మూసి ఉన్న డబ్బాలోనే రాలుతుంది. కాసేపు ఆగితే అడుగుకు దిగుతుంది. అప్పుడు డబ్బా అడుగును కవరులో పెట్టి మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఫిల్టరును చేత్తో బయటికి తీసే పని ఎప్పుడో గానీ రాదు.

బాబాయి: (నాలుగైదు సార్లు తిప్పి చూసి) చేతికి నూనె ఉంటే ఈ గుండీ జారుతుంది, అంచుకు గాట్లు పెట్టు. ఎంతవరకు తిప్పాలో తెలియడం లేదు. దుమ్ము రాలిందో లేదో కనిపించే కిటికీ లేదు. పళ్లు ఎప్పుడూ మడతను ఒకేచోట కొడుతున్నాయి, అక్కడే నలిగి చిల్లి పడుతుంది. అక్కడ గట్టి పట్టీ వెయ్యి. ఇక ఈ గ్యాస్కెట్. ఫిల్టరు ఎంత గొప్పదైనా అంచు దగ్గర వెంట్రుకంత సందుంటే దుమ్ము ఆ దారినే పోతుంది. రోజూ తీసి పెట్టేదైతే ముందు అరిగేది గ్యాస్కెట్టే. దాన్ని విడిగా మార్చుకునేలా చెయ్యి.

అమ్మాయి: రాసుకుంటున్నాను.

బాబాయి: ఇవన్నీ పైపై సంగతులు. అసలైంది అడుగుతాను, చెప్పు. మన ఇళ్లలో ఈ గుండీ తిప్పేదెవరు?

అమ్మాయి: మెషిన్ వాడేవాళ్లు.

బాబాయి: కొన్నది ఒకరు, డెమో చూసింది ఒకరు, దులిపేది ఇంకొకరు. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ వచ్చి మెషిన్ చూపించే పద్ధతిని ఈ దేశానికి అలవాటు చేసింది. టై కట్టుకున్న కుర్రాడు హాల్లో కూర్చుని ఓపిగ్గా చూపించేవాడు. ఇంటాయన, ఇంటావిడ చూసేవారు. మెషిన్ పట్టేది చాలా ఇళ్లలో పనమ్మాయి. ఆమెకు డెమో ఎవరు చూపించారు? మాన్యువల్ చూస్తే ఇంగ్లీషులో. ఆమె ఫిల్టరు తీసుకుని బాల్కనీలోకి పోతుంది. పిట్టగోడకేసి కొడుతుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది, అంతే రక్షణ. వారమంతా ఇల్లు తిరిగి పోగేసిన దుమ్ము, అందులోనూ మరీ సన్నది, ఆ ఒక్క నిమిషంలో ఆమె ఊపిరిలోకి పోతుంది. నువ్వు ఇందాకటి నుంచి శాతాలు చెబుతున్నావు. ఆ నిమిషం ఏ శాతంలో ఉంది? సంచి అయితే ఆ నిమిషమే ఉండదు. నేను సంచి సంచి అంటున్నది మోటారు కోసం అనుకున్నావేమో.

అమ్మాయి: ఆ నిమిషాన్ని మేం కొలవడం లేదు బాబాయ్. కొలవాలి. ఊడ్చే పనివాడు తన ఆయాసం కోసం చేసుకున్న మెషిన్ ఇది. చివరికి దులిపేటప్పుడు ఆ దుమ్మంతా మళ్లీ పనిచేసే మనిషి ముక్కు దగ్గరికే వస్తోంది. మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సంచే జవాబైతే, మీ బల్ల కింద ఉన్న ఆ సంచి సంగతేమిటి?

బాబాయి: అదా? పాత మెషిన్‌ది. ఆ మోడలు ఆగిపోయింది, సంచులు ఎక్కడా దొరకడం లేదు.

అమ్మాయి: అడుగు కత్తిరించి, దుమ్ము దులిపి, మడిచి స్టేప్లర్ కొట్టారు. పాత పిన్నుల చిల్లులు వరసగా కనిపిస్తున్నాయి, అంటే ఇదే సంచిని ఎన్నోసార్లు కోశారు. మీరు చెప్పే మూతి మూసుకునే సంచి దొరికినన్నాళ్లు భేషుగ్గా ఉంటుంది. దొరకడం మానేసిన రోజు నుంచి పిట్టగోడ కంటే ఘోరం, చెయ్యి లోపల పెట్టి తీస్తున్నారు. ఆ ఇంటివాళ్లను నేను తప్పుపట్టను. పనిచేసే మెషిన్‌ను సంచి దొరకలేదని ఎవరు పారేస్తారు? పారెయ్యమని చేసిన వస్తువును కూడా మన ఇళ్లలో శుభ్రం చేస్తారు. కాబట్టి ప్రతి ఫిల్టరునూ ఎవరో ఒకరు శుభ్రం చేస్తారనుకునే గీయాలి.

బాబాయి: ఆ మాట కాదనలేను. అయినా చూడు, ఇప్పుడొచ్చే రోబో మెషిన్లు వాటంతటవే స్టాండు దగ్గరికి పోయి దుమ్ము వదిలేస్తున్నాయి. ఆ స్టాండుల్లో చాలావాటిలో ఉన్నది సంచే. సంచి వద్దన్న కాలం తిరిగి తిరిగి దాని దగ్గరికే వచ్చింది.

అమ్మాయి: వచ్చింది, ఎందుకంటే మూసిన దారిలో దుమ్మును తరలించడం దానికి తేలిక. నేను అడిగేదీ అదే, మూసిన దారి. అది సంచితోనైనా రావచ్చు, గుండీతోనైనా రావచ్చు. ఏది మేలో తేల్చాలంటే వాడిన ఫిల్టరును కొలవాలి. అదే సరిగ్గా జరగడం లేదు. యూరప్‌లో 2014 నుంచి వాక్యూమ్ క్లీనర్లకు ఎనర్జీ లేబుల్ పెట్టారు. పరీక్ష ఖాళీ డబ్బాతో, ఖాళీ సంచితో. నిండేకొద్దీ పీల్చడం తగ్గే మెషిన్‌కూ, తగ్గనిదానికీ ఒకటే గ్రేడు రావచ్చు. డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది. ఒకసారి ఓడింది, అప్పీలుకు పోయింది. 2018 నవంబరులో ఐరోపా సమాఖ్య జనరల్ కోర్టు ఆ లేబుల్ నిబంధనను కొట్టేసింది.

బాబాయి: డైసన్‌కు అది వ్యాపారం తల్లీ. సంచుల మెషిన్లతో పోటీ.

అమ్మాయి: వ్యాపారమే. అయినా అడిగింది సరైన ప్రశ్న. అక్కడి అధికారులూ ఊరికే ఖాళీ డబ్బా పెట్టలేదు. నింపి చేసే పరీక్షలో ఒక ల్యాబు ఫలితం ఇంకో ల్యాబులో కూడా వస్తుందని తేలలేదన్నారు. అది కష్టమే. కష్టమని కొలవకపోతే మీ బల్ల మీదికి ఇలాంటి మోటార్లు వస్తూనే ఉంటాయి. అక్కడి నిబంధనల్లో గొట్టాన్ని 40,000 సార్లు వంచి చూడాలని ఉంది, మోటారు కనీసం 500 గంటలు నడవాలని ఉంది. ఫిల్టరును ఇన్నిసార్లు శుభ్రం చేశాక మళ్లీ కొలవాలని మాత్రం లేదు.

బాబాయి: అయితే నువ్వు కొలువు. ల్యాబులో తూకం వేసి పోసే దుమ్ముతో సరిపెట్టకు. రాతిముగ్గు పొయ్యి, అగరుబత్తి నుసి పొయ్యి, పొడుగు జుట్టు వెయ్యి. దులుపు, మళ్లీ పొయ్యి. దులిపేది నువ్వు కాకూడదు, మీ ఇంజనీర్లూ కాకూడదు. మీ ఆఫీసు ఊడ్చే ఆవిడకు ఏమీ చెప్పకుండా చేతికివ్వు. ఎటు తిప్పి పట్టుకుంటుందో, ఏం నొక్కుతుందో, దేనికేసి కొడుతుందో చూడు. ముందు మాస్కు ఇవ్వడం మర్చిపోకు. ఆమె మొహం దగ్గర దుమ్ము కొలిచే మీటరు పెట్టు. ఆ మీటరు కదిలిందంటే నీ డిజైన్ తప్పింది.

అమ్మాయి: ఇప్పుడు పీఎం 2.5 సెన్సార్లు చవకే, పెట్టగలం. ఆ సమయానికి ఆమెకు వేతనం కూడా ఇవ్వాలి, అది మా పని చేసినట్టే కదా. ఇంకో రెండు నేనే చెబుతాను. ఫిల్టరు లేకపోతే మూత పడకూడదు. కొన్ని సంచుల మెషిన్లలో సంచి లేకపోతే మూత పడదు, దీనికీ అలాగే చేయవచ్చు. శుభ్రం చేయమని వెలిగే లైటు నెలల లెక్కన వెలగకూడదు, ఫిల్టరుకు ముందూ వెనకా గాలి ఒత్తిడిలో తేడా చూసి వెలగాలి. ముగ్గు వేసే ఇంటికీ వెయ్యని ఇంటికీ ఒకే తేదీ పెట్టడంలో అర్థం లేదు.

బాబాయి: పెట్టెలో ఇంకో ఫిల్టరు ఇవ్వు. ఒకటి ఆరుతుంటే ఒకటి మెషిన్‌లో ఉంటుంది. వానాకాలం గొడవ అక్కడితో వదిలిపోతుంది.

అమ్మాయి: ఖర్చు పెరుగుతుందని మావాళ్లు ఒప్పుకోవడం లేదు.

బాబాయి: ఒక మోటారు ధరకు ఎన్ని ఫిల్టర్లు వస్తాయో లెక్క నేనిస్తాను, తీసుకెళ్లి చూపించు. ఇవన్నీ చేసి తెచ్చినా, ఇంట్లో ఆయాసం మనిషి ఉంటే నేను సంచి మెషినే కొనమంటాను. ఆ ఒక్కటీ మార్చుకోను.

అమ్మాయి: మీటరు కదలకపోతే?

బాబాయి: అప్పుడు తీసుకురా, మాట్లాడదాం.

నా మట్టుకు నేను అమ్మాయి వైపే, బాబాయి మీటరు షరతుతో. సంచి దొరకని రోజు ప్రతి ఊళ్లోనూ వస్తుంది కాబట్టి శుభ్రం చేయగల ఫిల్టరే కావాలి. దాన్ని దులిపే మనిషి ఊపిరిని లెక్కలోకి తీసుకోనంతవరకు అది మంచి డిజైన్ అనిపించుకోదు. కొనబోయేవాళ్లకు నా విన్నపం. షాపులో ఎంత గట్టిగా పీలుస్తుందో చూసి ఊరుకోకుండా ఫిల్టరు తీయించి చేతిలోకి తీసుకోండి. మడతల్లో వేలు పడుతుందా, డబ్బా తెరవకుండా దుమ్ము రాల్చే వీలుందా చూడండి. మోడలు ఆగిపోయాక ఎన్నేళ్లు ఫిల్టర్లు ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. ఇప్పటికే మెషిన్ ఉండి, దాన్ని దులిపేది పనిచేసే ఆవిడ అయితే, ఆమెకు మంచి మాస్కు ఇవ్వండి. డబ్బాను పెద్ద కవరు లోపలికి దించి మెల్లగా ఖాళీ చేయడం ఒకసారి మీరే చేసి చూపించండి.